నూటికి తొంభై తొమ్మిది పాళ్లు తారు రోడ్డు

అక్టోబరు 1, బుధవారం

ఉదయం 6:15. పికప్ టైర్లకి సెంటు నాణెం పరీక్ష. నాణేన్ని తలకిందులుగా టైరు గాడిలో దింపితే దాని మీది లింకన్ బొమ్మ జుట్టు మునగాలి. మునిగితే టైరు బాగున్నట్టు. మూడు టైర్లలో ఆయన మొహమంతా జుట్టుతో సహా కనబడింది. నాలుగోదాంట్లో నాణెం నిలబడనే లేదు.

6:40. అత్తగారు ఆర్డిత్‌ని ఎక్కించుకుని సిటీకి, డయాలసిస్‌కి. సోమ, బుధ, శుక్ర వారాలు. పోవడానికి నలభై ఆరు మైళ్లు, రావడానికి నలభై ఆరు. ఆవిడకి ఎనభై నాలుగు. నాకు అరవై మూడు. దారి పొడుగునా ఆవిడ నా డ్రైవింగ్‌ని తిడతారు, నేను రేడియో పెంచుతాను.

మధ్యాహ్నం 3:00. రోండా టైర్ల కొట్టు. రోజూ తోలే పికప్‌కి అన్ని దారుల్లోనూ నడిచే టైర్లు కావాలన్నాను. రెండు రకాలు చూపించింది. మొదటిది నెమ్మదస్తుడు. గాడులు దగ్గర దగ్గరగా, పక్కన మంచుకి పనికొస్తుందని గుర్తు, పెద్దగా చప్పుడు లేదు. రెండోదానికి అంచుల దాకా పళ్లు, పక్కన అరచేయంత తెల్ల అక్షరాలు. దాన్ని చూడగానే గుండె కొంచెం ఆగింది.

"అది కొండలెక్కేవాళ్లకి మాస్టారూ. తారు మీద తేనెపట్టు కదిపినట్టు మోగుతుంది," అంది రోండా. "ఇంతకీ మీరు ఏ దారుల్లో తిరుగుతారు?"

"అన్ని దారుల్లోనూ."

ఆమె నా బూట్ల వంక చూసింది. మెరుస్తున్నాయి. నిన్ననే పాలిష్ చేశాను.

సాయంత్రం 6:30. భోజనాల దగ్గర మా ఆవిడ జోలీన్ చెప్పేసింది.

"పోయిన చలికాలం మంచులో డయాలసిస్ రెండుసార్లు ఎగ్గొట్టాం. రెండోసారి అమ్మ ఊపిరాడక ఎంత అవస్థ పడిందో నువ్వు చూశావు. ఈసారి ఒక్కటి తప్పినా అమ్మని సిటీలో వృద్ధుల హోమ్‌లో చేర్పిస్తాను డెల్మర్. తమ్ముడు గది కూడా చూసి పెట్టాడు. వీధి దాటితే క్లినిక్."

"టైర్లు మార్చేస్తున్నాగా."

"ఏప్రిల్ నుంచీ మారుస్తున్నావు."

నిజమే. కానీ ముప్పై ఒక్క ఏళ్లు బీజగణితం చెప్పినవాణ్ణి. ఊహ మీద టైర్లు కొనను. కాబట్టి తీర్మానం:

1. రెండు వారాలు తిరిగిన ప్రతి మైలూ నిజాయితీగా రాయాలి. మూడు గడులు: తారు, కంకర, బురద.
2. పద్నాలుగో తేదీన ఆ లెక్క ఏం చెబితే ఆ టైరే. మొదటి మంచు పడ్డాక వెళ్తే రోండా కొట్టు ముందు ఊరంతా ఉంటుంది.
3. డైనర్లో పొద్దుటి కాఫీ బల్ల దగ్గర ఎవరి సలహా అడగకూడదు.
4. ఇంటర్నెట్‌లో టైర్ల మీద అభిప్రాయాలు చదవకూడదు.

కొత్త నోటుపుస్తకం. ఎర్ర అట్ట. కింద సంతకం పెట్టాను. సాక్షి సంతకం చెయ్యమంటే జోలీన్ గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది.

అక్టోబరు 3, శుక్రవారం

మూడు రోజుల మొత్తం. తారు: 193. కంకర: 0.3 (చెత్త పోసే చోటు). బురద: 0.

నూటికి తొంభై తొమ్మిది పాళ్లు తారు. ఆ పైన దశాంశాలు కూడా ఉన్నాయి, రాయబుద్ధి కావడం లేదు. మోంటానాలో పుట్టాను. నాన్న గుర్రం మీద పశువుల్ని తోలాడు. నేను మందుల షాపుకీ, లైబ్రరీకీ తోలుతున్నాను.

ఇంకా పదకొండు రోజులున్నాయి. లెక్క మారొచ్చు.

అక్టోబరు 4, శనివారం

ఉదయం 6:00. డైనర్. కేవలం కాఫీకి వెళ్లాను. సలహా అడగలేదు. వాళ్లే చెప్పారు, చెవులు మూసుకోలేం కదా.

మా పక్కింటి కర్ట్ కొత్త టైర్లు వేయించాడు. ఆ పళ్లవే. వాడిదీ నాదీ ఒకే మోడల్ బండి, ఒకే సైజు. బయట పక్కపక్కన నిలబెడితే వాడిది అడవి నుంచి వచ్చినట్టుంది, నాది పెళ్లికి వచ్చినట్టుంది.

"ఏరా డెల్, ఇంకా ఆ బోడి టైర్లేనా?" అన్నాడు కర్ట్. "మీ అత్తగారి తల మీద ఉన్నంత జుట్టు కూడా లేదు వాటికి."

బల్లంతా నవ్వింది. తెల్ల అక్షరాలు బయటికి పెట్టాలా, లోపలికి తిప్పాలా అని గంటన్నర చర్చ. బయటికే అని తేలింది. నేను చర్చలో పాల్గొనలేదు. ఓటు మాత్రం వేశాను.

అక్టోబరు 5, ఆదివారం

చర్చి పార్కింగ్ అంతా కంకరే! ఇన్నేళ్లూ గమనించలేదు. మంచి చోటు దొరక్క మూడుసార్లు చుట్టూ తిరిగాను. కంకర: 0.2.

"చోట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి కదా," అంది జోలీన్.

పాస్టర్ మొదటిసారి చెయ్యి ఊపాడు, రెండోసారి కూడా ఊపాడు. మూడోసారి గడియారం చూసుకున్నాడు.

అక్టోబరు 6, సోమవారం

హైవే దిగి జలాశయం పక్క కంకర దారిన వెళ్లాను. ఒకసారికి తొమ్మిది మైళ్లు కంకర. వాస్తవాన్ని మార్చడం లేదు. నిజంగా తిరిగిందే రాస్తున్నాను. మూడేళ్ల నుంచీ ఆ దారి చూద్దామనుకుంటున్నాను కూడా.

"ఇది కొత్త దారి కదూ అల్లుడూ?" అన్నారు అత్తగారు.

"అడ్డదారి అత్తయ్యా."

"అడ్డదారంటే దగ్గరవ్వాలి. ఇందాకటి బోర్డు మీద దూరం పెరిగింది."

"దృశ్యం బావుంటుందని."

"ఏ దృశ్యం? దుమ్మా?" సీటు అంచు పట్టుకున్నారు. "సరే పోనీ. నా నడుములో ఎన్ని ఎముకలున్నాయో ఇవాళ డాక్టరుకి నేనే చెబుతాను."

క్లినిక్‌కి నాలుగు నిమిషాలు ఆలస్యం. తిరిగి వచ్చేటప్పుడూ అదే దారి. అత్తగారు కళ్లు మూసుకున్నారు, నిద్ర మాత్రం పోలేదు.

తారు తొంభై నాలుగుకి దిగింది. పురోగతి కనబడుతోంది.

అక్టోబరు 7, మంగళవారం

ఉదయం 8:00. ఇంటర్నెట్‌లో ఒక్క విషయం చూసుకోవాలి. అభిప్రాయం కాదు, సైజు.

మధ్యాహ్నం 1:20. ఎవరో అరిజోనా ఆయన పళ్ల టైర్ల గురించి పదకొండు పేరాలు రాశాడు. చివరి పేరాలో భార్య గురించి కూడా ఉంది, ఆమె వెళ్లిపోయిందట, టైర్లు మాత్రం ఇంకా బాగున్నాయట. ఆయనకి జవాబుగా నెమ్మది టైర్లవాళ్లు నలభై మంది. వాళ్లకి మళ్లీ ఆయన.

మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను. నాలుగో నియమాన్ని కొంచెం సడలించాను: అభిప్రాయాలు చదవొచ్చు, నమ్మకూడదు.

అక్టోబరు 8, బుధవారం

మళ్లీ జలాశయం దారి. తారు తొంభై ఒకటి.

జోలీన్ బండి మీద వేలితో గీత గీసి దుమ్ము చూసింది. "ఎక్కడ తిరిగొచ్చారు?"

"రోడ్డు పనులు జరుగుతున్నాయి, చుట్టు తిరిగి రమ్మన్నారు," అన్నాను. అత్తగారు నా వంక చూసి కోటు విప్పుకుంటూ లోపలికి వెళ్లారు.

ఒకటే బాధ. మూడో గడి ఇంకా ఖాళీ. బురద: 0. ఆ గడిలో అంకె లేకుండా పళ్ల టైర్లు అడగడానికి నాకే మొహం చెల్లదు.

అక్టోబరు 9, గురువారం

పొద్దున్నించీ వాన. కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాను. ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన కాదని తెలుస్తూనే ఉంది.

అక్టోబరు 10, శుక్రవారం

6:40. బయలుదేరాం. వాన ఆగింది.

6:58. హైవే దిగి రేగడి దారి పట్టాను. ఒక్క మైలే, తర్వాత మళ్లీ హైవే ఎక్కుతుంది. ఇక్కడి జిగురు రేగడి తడిస్తే ఏమవుతుందో ఈ జిల్లాలో కుక్కలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఒక్క మైలే అనుకున్నాను.

7:01. రెండు వందల గజాలు బ్రహ్మాండంగా వెళ్లాం.

7:03. స్టీరింగ్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయింది.

7:05. దారి పక్క కాలవలో ఉన్నాం. దిగి చూశాను. నాలుగు టైర్లూ రేగడి చుట్టుకుని పిండి ముద్దల్లా ఉన్నాయి. నా బూట్లు ఒక్కొక్కటీ ఐదు కిలోలున్నాయి.

అత్తగారు అద్దం దించారు. "దీన్ని ఏ గడిలో రాస్తావు అల్లుడూ?"

ఎర్ర పుస్తకం సంగతి ఆవిడకి మొదటి రోజు నుంచీ తెలుసట. సీటు పక్కనే పెడుతున్నాను, పెన్నుతో సహా.

7:20. కర్ట్‌కి ఫోన్ చేశాను. నవ్వడం అయ్యాక వస్తానన్నాడు.

7:50. కర్ట్ వచ్చాడు. పళ్ల టైర్లతో.

7:53. కర్ట్ కూడా కాలవలో ఉన్నాడు. పళ్ల సందుల్లో రేగడి నిండిపోయి వాడి టైర్లు కూడా నా టైర్లలాగే బోడిగా తిరిగాయి. వాడు దిగి ఎంతసేపో వాటినే చూశాడు. వాడి మొహం అలా ఎప్పుడూ చూడలేదు.

"కర్ట్ బాబూ, నీ టైర్లకి పళ్లపుల్ల కావాలి," అన్నారు అత్తగారు.

9:30. పక్క గడ్డిపొలం ఆవిడ ట్రాక్టరు తెచ్చి ఇద్దర్నీ లాగింది. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

9:55. క్లినిక్‌కి ఫోన్. అత్తగారి డయాలసిస్ కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేశారు. రేపు పదకొండింటికి రమ్మన్నారు.

సాయంత్రానికి అత్తగారి కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు. జోలీన్ మోకాళ్ల మీద కూర్చుని ఆ కాళ్ల కింద దిండ్లు పెడుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. భయం వేసింది. తీర్మానం గురించి ఇవాళ రాయడానికి ఏమీ లేదు.

అక్టోబరు 11, శనివారం

డయాలసిస్ అయింది. ఆవిడ తేలికపడ్డారు. నర్సు ఆలస్యానికి ఆవిణ్ణి తిట్టింది, నన్ను కాదు.

రాత్రి భోజనాల దగ్గర జోలీన్ అడిగింది. "వానలో ఆ రేగడి దారికి ఎందుకు వెళ్లావు?"

నేను నోరు తెరిచేలోగా అత్తగారు అందుకున్నారు. "నేనే అడిగానే. జింకల మంద చూడాలనిపించింది. పాపం కాదనలేకపోయాడు."

"అమ్మా, నీకు జింకలంటే ఒళ్లుమంట. తోటంతా తినేస్తాయని తిడతావు."

"వయసు మీద పడింది. మనసు మారింది. ఆ బంగాళాదుంపలు ఇటు తోయి."

నేను తలవంచుకుని తిన్నాను. అరవై మూడేళ్ల వయసులో ఎనభై నాలుగేళ్ల మనిషి కొంగు చాటున దాక్కున్నాను.

తర్వాత జోలీన్ తమ్ముడికి ఫోన్ చేసింది. గది బుధవారం దాకా ఉంచుతారట. "బుధవారం మంచంటున్నారు," అంది నాతో. "ఆ రోజు అమ్మని టైముకి తీసుకెళ్లగలిగితే సరే. లేదంటే గురువారం సామాను సర్దుతాను."

అక్టోబరు 12, ఆదివారం

జోలీన్‌కి ఎర్ర పుస్తకం ఇచ్చేశాను. చదువుకోమన్నాను.

చదివింది. "చర్చి చుట్టూ మూడుసార్లా?" అని నవ్వింది. తర్వాతి పేజీ తిప్పాక నవ్వలేదు.

"నీ టైరుకి పళ్లుండాలని మా అమ్మని బురదలో దింపావు."

"అవును."

"అమ్మ నీకోసం నాతో అబద్ధం ఆడింది."

"అవును."

పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, బయట కోళ్లకి గింజలు వెయ్యడానికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. ఆ కోళ్లు అంత తిండి తినవు.

అక్టోబరు 14, మంగళవారం

ఉదయం 10:00. నిన్న డయాలసిస్‌కి హైవే మీదే వెళ్లొచ్చాం. ఇవాళ గడువు రోజు. రోండా కొట్టు. రాత్రికి మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. నా సైజులో నెమ్మది టైర్ల సెట్టు ఒక్కటే మిగిలింది, అరలో ఉంది.

"వేసెయ్యనా మాస్టారూ?"

"నాలుగింటి దాకా ఆలోచించుకోనా?" అంది నా నోరు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

రోండా భుజాలు ఎగరేసింది. "ఏప్రిల్ నుంచీ ఆలోచిస్తున్నారు. ఇంకో ఆరు గంటలకేం."

2:00. ఇంట్లో కాగితం మీద రెండు వరసలు రాశాను. నెమ్మది టైరు: మంచు, చప్పుడు లేకపోవడం, పెట్రోలు, బ్రేకులు, అత్తగారి నడుము. పళ్ల టైరు: చూడ్డానికి బాగుంటుంది. రెండో వరసలో ఇంకోటి రాయాలని నలభై నిమిషాలు కూర్చున్నాను.

3:50. మళ్లీ రోండా దగ్గర. అర ఖాళీ.

"రెండున్నరకి కర్ట్ వచ్చి వేయించుకెళ్లాడు," అంది.

"నాకు ఉంచలేదా?"

"ఉంచమని మీరు అనలేదు. ఆలోచించుకుంటానన్నారు."

కర్ట్ విప్పేసిన పళ్ల టైర్లు నేల మీద పడి ఉన్నాయి, ఇంకా సందుల్లో రేగడితో. నాకంటే ముందు పదిహేడు మంది లైను. మంచు మాట రేడియోలో వినగానే వచ్చేశారు. నెమ్మదివి ఆర్డర్ పెట్టాను, లారీ ఎప్పుడొస్తుందో మంచు దయ. ఈలోగా కర్ట్ పాతవైనా వెయ్యమంటే, నా వంతు గురువారమంది.

రేపు బుధవారం.

అక్టోబరు 15, బుధవారం

ఉదయం 5:00. కిటికీ తెరిస్తే వాకిలి లేదు. ఎనిమిది అంగుళాల మంచు. బండి తీసి చూశాను. గేటు దాకా కూడా వెళ్లలేదు, ఉన్నచోటే తిరిగింది.

5:30. కర్ట్ తలుపు కొట్టాను. లోదుస్తుల్లో వచ్చాడు.

"కర్ట్, అత్తయ్యని క్లినిక్‌కి తీసుకెళ్లాలి. నా బండి కదలదు. దారంతా మీరిద్దరూ నన్ను ఎంత వెక్కిరించినా పర్లేదు."

"పర్లేదంటే మజా ఏముందిరా," అని ప్యాంటు వెతుక్కున్నాడు.

6:20. అత్తగారు ముందు సీట్లో. నేను వెనక. హైవే మీద మంచు తీసే బండి వెనకాలే మెల్లగా వెళ్లాం. ఒక్కసారి కూడా జారలేదు. బండిలో చప్పుడే లేదు, అత్తగారు బిస్కట్టు కొరికినా వినబడుతోంది.

"నువ్వెందుకు మార్చావు కర్ట్?" అన్నాను.

"ఆ రేగడిలో దిగి చూశాక అనిపించింది. కాలవలో నువ్వూ నేనూ ఒకటే. మరి మిగతా రోజులన్నీ ఆ హోరెందుకు భరించడం?" అత్తగారితో అన్నాడు. "అయినా ఆర్డిత్‌గారూ, మీరు ఆ హోమ్‌లో ఉంటే హాయి కదా? వీధి దాటితే క్లినిక్. ఈ తిప్పలేవీ ఉండవు."

"హాయేలే. అక్కడ నన్ను చక్రాల కుర్చీలో తోసుకెళ్లడానికి ఒక పిల్ల వస్తుందట. మంచి పిల్లట. 'ఎలా ఉన్నారు' అంటుంది, 'బాగున్నాను' అంటాను, అయిపోయింది." అత్తగారు బిస్కట్టు పొడి దులుపుకున్నారు. "ఇతను అలా కాదు. దగ్గర దారని చెప్పి కొండలన్నీ తిప్పుతాడు. దృశ్యమంటాడు. ఏం అబద్ధం చెబుతాడోనని పొద్దున్నే లేచి ఎదురుచూస్తాను. నా వయసు మనిషికి అబద్ధం చెప్పేంత తీరిక ఇంకెవరికుంది?"

నాకు ఏడుపొచ్చింది. వెనక సీట్లో కాబట్టి ఎవరూ చూడలేదు. మూడేళ్లుగా ఆవిడ మాట వినబడకుండా రేడియో పెంచుతున్నాను.

7:52. క్లినిక్. ఎనిమిది నిమిషాల ముందు.

సాయంత్రం. జోలీన్ తమ్ముడికి ఫోన్ చేసి గది వదిలెయ్యమంది. నాతో మాత్రం, "ఏప్రిల్ దాకా చూస్తాను. అంతే," అంది.

అక్టోబరు 17, శుక్రవారం

నిన్న రోండా నా బండికి కర్ట్ పాత పళ్ల టైర్లు వేసింది, నావి వచ్చేదాకా వాడుకోమని. పొద్దున్న వాకిట్లో మంచు మీద బండి నిలబడి ఉంటే దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. తెల్ల అక్షరాలు బయటికే.

6:40. బయలుదేరాం. మంచులో బాగానే పట్టాయి. తారు తేలాక హోరు మొదలైంది. నలభై మైళ్ల వేగానికే మోగుతోంది, యాభైకి అరుస్తోంది. అత్తగారు ఏదో అన్నారు. "ఏంటి?" అన్నాను. మళ్లీ అన్నారు. "ఆఁ?" అన్నాను. ఆవిడ చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నలభై ఆరు మైళ్లూ అంతే. వచ్చేటప్పుడూ అంతే. టైముకే చేరాం, టైముకే వచ్చాం.

సాయంత్రం 5:00. రోండా ఫోన్. "లారీ వచ్చింది మాస్టారూ. మీ నెమ్మదివి దిగాయి. రేపు ఏడింటికి రాగలరా? లేకపోతే ఆ పళ్లవే బావున్నాయా, చెప్పండి, ఇవి ఇంకొకరికి ఇచ్చేస్తాను. మీ ఇష్టం."

ఫోన్ చేత్తో మూసి వాకిట్లోకి చూశాను. బండి అలాగే నిలబడి ఉంది, అడవి నుంచి వచ్చినట్టు. బల్ల దగ్గర పేక సర్దుకుంటున్న అత్తగారిని అడిగాను. "ఏం చెయ్యమంటారు అత్తయ్యా? ఇవి మంచులో బాగానే వెళ్లాయి కదా."

"వెళ్లాయి. బండి నీది, ఇష్టం నీది." ఒక ముక్క తీసి కింద పెట్టారు. "కానీ వాటి మీద నువ్వు చెప్పే అబద్ధాలు నాకు వినబడవు."

రోండాకి చెప్పాను, రేపు ఏడింటికి వస్తానని. ఏడు కాదు, ఆరున్నరకి.

ఎర్ర పుస్తకంలో పాత పేజీలు చింపేశాను. కొత్త తీర్మానం: రేపటి నుంచి ప్రతి మైలూ నిజాయితీగా. మొదటి రోజు. తారు: 2 (రోండా కొట్టుకి రానూపోనూ). కంకర: 0. బురద: 0. రేపటిది ఇవాళే రాసేశాను, ఇక ఆలోచించుకునే పని లేకుండా.